లోపల గడియ

టైలరమ్మ ఇంట్లో వీధి తలుపుకి తప్ప మరే తలుపుకీ గడియ లేదు. ఆ సంగతి తెలియని చుట్టాలు స్నానానికి వెళ్ళి, తలుపు మూసి, గడియ కోసం చెక్కంతా తడుముకుని, బిక్కమొహం వేసుకుని బయటికి వచ్చేవారు. "బకెట్టు అడ్డం పెట్టుకుని ఏదో ఒకటి పాడుతూ ఉండండి, ఎవరూ రారు" అని టైలరమ్మ కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే చెప్పేది. పాట రానివాళ్ళు దగ్గేవారు. ఆమె ఆడపడుచు ఒకావిడ రెండు రోజులుండి, దగ్గీ దగ్గీ గొంతు పోగొట్టుకుని, మాత్రలు మింగుతూ ఊరికి వెళ్ళింది.

దీనంతటికీ మూలం ఆమె కూతురు. చిన్నప్పుడు ఒకనాడు ఆ పిల్ల స్నానాలగదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. పెట్టుకోవడమైతే వచ్చింది గానీ తియ్యడం తెలియలేదు. బయట టైలరమ్మ గుండెలు బాదుకుని వీధి వీధంతా పోగుచేసింది. భర్త కొట్టు నుంచి పరిగెత్తుకొచ్చి, తలుపు బందులు ఊడదీసి లోపలికి వెళ్తే, పిల్ల బకెట్లో కాళ్ళు పెట్టుకుని నింపాదిగా కూర్చుని ఉంది. "తలుపెందుకు పీకావు నాన్నా?" అని పైగా అడిగింది. పిల్లకి ఏమీ కాలేదు. తల్లి మాత్రం మళ్ళీ మామూలు మనిషి కాలేదు. పొద్దు వాలేలోగా ఇంట్లో గడియలన్నీ పీకించేసింది. భర్త కరెంటు సామాన్ల కొట్లో పనిచేస్తాడు. మేకు వంకరపోయినా పారెయ్యలేని మనిషి. ఆ గడియలన్నిటినీ బిస్కెట్ల డబ్బాలో వేసి అటక మీద పెట్టాడు.

పిల్లని అందరూ నిదానం అంటారు. నాయనమ్మ ముద్దుగా పెట్టిన పేరు అది. నడక, మాట, చదువు అన్నీ ఆలస్యంగా వచ్చాయి, కొన్ని ఇంకా దారిలోనే ఉన్నాయి. ఏదన్నా అడిగితే జవాబు చెబుతుంది, కాకపోతే కాస్త టైము పడుతుంది. ఆ కాస్త టైము ఆగడం టైలరమ్మ వల్ల కాదు. "ఏం పాపా, బాగున్నావా?" అని ఎవరైనా పలకరిస్తే పిల్ల నోరు తెరిచేలోపే "బాగానే ఉందండీ, కొంచెం జలుబు చేసింది" అని తల్లి అనేసేది. పిల్ల తెరిచిన నోరు మళ్ళీ మూసుకునేది. పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఇదే తంతు.

పిల్ల చదివేది తనలాంటి పిల్లలకోసం పెట్టిన బడిలో. అందులో ఆ ఏడాదే ఆఖరు. ఆ తర్వాత సంగతి టైలరమ్మ ఎప్పుడో తేల్చేసింది. మిషను పక్కన వేయడానికి ఒక ఎత్తుపీట కూడా కొనిపెట్టింది. పిల్ల దానిమీద కూర్చుని గుండీలు కుడుతుంది, తల్లి కళ్ళెదుటే ఉంటుంది, అంతే. ఇంత తేలిక వ్యవహారానికి బడివాళ్ళు మీటింగు పెడతామని కబురు చేసేసరికి ఆమెకి ఒళ్ళు మండింది.

మీటింగు పెట్టినావిడని బడిలో అందరూ ప్లాన్ టీచరు అంటారు. ఆవిడ తుమ్మినా ప్లాను ప్రకారమే తుమ్ముతుందని పిల్లలే నవ్వుకుంటారు. గోడకి పెద్ద కాగితం అంటించి, దానిమీద పని, చదువు, ఇల్లు అని మూడు గళ్ళు గీసి సిద్ధంగా ఉంది. బల్ల మీద నీళ్ళ జగ్గు, గ్లాసులు. పక్కన లాండ్రీ పెద్దాయన కూర్చున్నాడు. ఆస్పత్రి దుప్పట్లన్నీ ఉతికేది ఆయన దగ్గరే. బడి పిల్లలు అక్కడ పని నేర్చుకోవడానికి వెళ్తుంటారు, నిదానం కూడా వెళ్ళింది.

"చెప్పమ్మా, బడి అయిపోయాక ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ప్లాన్ టీచరు నిదానాన్ని అడిగింది.

"గుండీలు కుడుతుందండీ" అంది టైలరమ్మ.

"నేను అమ్మాయిని అడిగానమ్మా."

"అమ్మాయి తరఫునే కదండీ చెబుతున్నాను. దానికి పొద్దున్నే లేస్తే తలనొప్పి. పాల మీద మీగడ కనిపిస్తే చాలు, గ్లాసు పక్కకి తోసేస్తుంది. ఉరిమితే చెవులు మూసుకుంటుంది. ఎడమ చెప్పు ముందు వేసుకుంటేగానీ గడప దాటదు. రాసుకోండి, అన్నీ రాసుకోండి."

ప్లాన్ టీచరు అన్నీ రాసుకుంది. రాసుకుని, ఒక గ్లాసులో నీళ్ళు పోసి టైలరమ్మ ముందుకి జరిపింది. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఒక గుక్క నోట్లో పోసుకోండి. మింగకండి. అమ్మాయి మాట్లాడటం అయ్యాక మింగుదురుగాని. మా దగ్గర అమ్మలందరికీ ఇదే పద్ధతి. నాన్నలకి అవసరం రాదు."

టైలరమ్మ భర్త వంక చూసింది. ఆయన కిటికీ వంక చూశాడు. ఇక చేసేది లేక నీళ్ళు నోట్లో పోసుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చుంది.

గది సద్దుమణిగింది. నిదానం గోడ మీది గళ్ళని ఒకటొకటిగా చూసింది. చెప్పు సరిచేసుకుంది. లాండ్రీ పెద్దాయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. టైలరమ్మ ముక్కుతో గట్టిగా ఊపిరి పీలుస్తోంది. చెప్పవలసింది నాలుక చివర్న ఉంది కానీ నాలుక నీళ్ళలో ఉంది.

"దుప్పట్లు మడతపెడతాను" అంది నిదానం చివరికి. "పెద్దాయన దగ్గర. సాయంత్రం చదువుకుంటాను. బస్సుల మీద రాసినవన్నీ చదవాలి." మళ్ళీ ఆగింది. ఈసారి ఇంకా ఎక్కువ సేపు ఆగింది. "లోపల గడియ ఉన్న తలుపు కావాలి."

టైలరమ్మ నోట్లో నీళ్ళు ఎదురుగా కూర్చున్న లాండ్రీ పెద్దాయన చొక్కా మీద పడ్డాయి. రోజూ నీళ్ళలోనే బతికే మనిషి కాబట్టి ఆయన పట్టించుకోలేదు. "మా దగ్గర పొద్దున షిఫ్టు బస్సులు మొదలవకముందే మొదలవుతుందమ్మా" అన్నాడు చొక్కా దులుపుకుంటూ. "మా వీధిలోనే గది చూసుకుని ఉంటే పని ఖాయం. తొందరగా చేసి తప్పులు చేసేవాళ్ళు నాకు బోలెడుమంది ఉన్నారు. మీ అమ్మాయి మడతపెడితే మళ్ళీ విప్పక్కర్లేదు."

ఆ రోజు మొదలైన యుద్ధం నెల దాటినా ఆగలేదు. టైలరమ్మ అన్నం మానేసింది, మళ్ళీ ఆకలేసి తినేసింది. చుట్టాలందరికీ ఫోను చేసి మొరపెట్టుకుంది. భర్తనైతే పీక్కు తినేసింది. ఆయన మాత్రం "పిల్ల అడిగింది కదా" అన్న ఒక్క ముక్క పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. ప్లాన్ టీచరు ఎదుట, పిల్ల ఎదుట, వేలు చూపించి మరీ చెప్పింది.

"పదిహేను రోజులు చూద్దాం. ముందుగా ఫోను చేసి చెప్పినవాళ్ళకే తలుపు తియ్యాలి. చెప్పకుండా ఎవరొచ్చినా సరే తియ్యకూడదు. 'నేను మీ అమ్మనే' అన్నా సరే తియ్యకూడదు, దొంగవెధవలు అలాగే అంటారు! ఒక్కసారి తీసిందా, మూటాముల్లే సర్దుకుని ఇంటికొచ్చెయ్యాలి. ఇంక ప్లానూ లేదు గీనూ లేదు."

పిల్ల ఎలాగూ తీసేస్తుందని ఆమె ధీమా. ఇంట్లో ఎవరు పిలిచినా పరిగెత్తుకెళ్ళి తీసే పిల్ల మరి. నిదానం ఆ షరతు మొత్తం విని, కాసేపాగి, సరేనని తలూపింది.

బడిలో ఒక ఉత్తుత్తి ఇల్లు ఉంది. ఒక గదికే తలుపు, పొయ్యి, మంచం, బెల్లు అన్నీ పెట్టి, పిల్లలకి అందులో బతకడం నేర్పుతారు. షరతు విన్న మర్నాటి నుంచి అందులో తలుపు పాఠం మొదలైంది. గ్యాసువాడిలా ఒకరు, పోస్టువాడిలా ఒకరు వచ్చి బెల్లు కొట్టేవారు. అమ్మ వేషం డ్రిల్లు మాస్టారికి పడింది. ఆయనది గుమ్మానికి పట్టని ఒళ్ళు, గొంతు మాత్రం ఎలా కావాలంటే అలా వంగుతుంది. "ఒసేయ్ నిదానం! నేనేనే, మీ అమ్మని! కాళ్ళు పడిపోతున్నాయే, తియ్యవే!" అని తలుపు బయట మూలిగేవాడు. మొదట్లో పిల్ల తీసేసేది. తీసి, ఎదురుగా మీసాలతో నించున్న అమ్మని చూసి నవ్వేది. పోను పోను తియ్యడం మానేసింది. మాస్టారు ఎంత ఏడ్చినా లోపలనుంచి "ఫోను చేసి రండి" అన్న మాటే వచ్చేది.

ఒకరోజు టైలరమ్మ కూడా చూడటానికి వెళ్ళింది. చూసి మొహం మాడ్చుకుంది. "నేనలా మాట్లాడతానా ఏంటి?" అని భర్తని నిలదీసింది.

"ఇంకొంచెం గట్టిగా" అన్నాడాయన.

గది దొరికింది. లాండ్రీ ఉన్న వీధిలోనే, మేడ మీద. కింద ఇంటావిడ ఒక్కత్తే ఉంటుంది. ఆ గది తలుపుకి ఉన్న గడియ లొడలొడలాడుతోందని నిదానం నాన్న అటక మీది బిస్కెట్ల డబ్బా దింపాడు. వెతికి వెతికి, ఒకప్పటి స్నానాలగది గడియే తీసి, తుప్పు గీకి, నూనె రాసి బిగించాడు. పిల్ల పెట్టీ తీసీ, పెట్టీ తీసీ చూసుకుంది. టైలరమ్మ మాత్రం దింపడానికి వెళ్ళలేదు. "నా కళ్ళతో నేను చూడలేను, నన్ను లాక్కెళ్ళకండి" అని భీష్మించుకుని మిషను ముందు కూర్చుంది. దింపి వచ్చిన భర్త టీ పెట్టుకున్నాడు, ఆమెకీ ఒక కప్పు పెట్టాడు. పక్కనున్న ఎత్తుపీట ఖాళీగా ఉండటం చూసి ఆమె దానిమీద గుడ్డల మూట పడేసింది.

రోజూ సాయంత్రం పిల్ల ఫోను చేసేది. తిన్నాను, పనికెళ్ళాను, తలుపు వేసుకున్నాను. ఆ మూడు ముక్కలతో తల్లి ప్రాణం కుదుటపడుతుందా? ఆదివారం రమ్మని పిల్ల చెప్పింది కదా అని ఆదివారం దాకా ఆగుతుందా? మూడో రోజుకల్లా కాలుగాలిన పిల్లిలా అయిపోయింది. పూలగుడ్డ ఒకటి చింపి, కిటికీ తెర కుట్టేసింది. తెర లేని కిటికీతో పిల్ల ఎలా ఉంటుంది? ఇవ్వాలి కదా. ఇచ్చేసి వచ్చేస్తుంది. అసలు సంగతి ఆమెకీ తెలుసు. తలుపు కొడుతుంది, పిల్ల తీసేస్తుంది, "చూశావా, తీసేశావు!" అని చెయ్యి పట్టుకుని బస్సెక్కించి తీసుకొచ్చేస్తుంది. మధ్యాహ్నం ఇంటికి తాళం వేసి, భర్తకి మాటైనా చెప్పకుండా బస్సెక్కింది. ఆ హడావిడిలో ఫోను మిషను మీదే వదిలేసింది.

మేడ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, తలుపు కొట్టింది.

"ఎవరు?" అంది లోపలనుంచి నిదానం.

"నేనేనే, మీ అమ్మని! తలుపు తియ్యి."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. తర్వాత, "మిమ్మల్ని టీచరు పంపింది కదా?" అంది నిదానం ఎంతో మర్యాదగా.

"టీచరేంటే? నేనే, అమ్మని! కాళ్ళు పడిపోతున్నాయే, మెట్లెక్కి వచ్చాను!"

"ఈసారి బాగా చేశారు మాస్టారూ. అచ్చం అమ్మలాగే ఉంది."

టైలరమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "మాస్టారేంటే నీ మొహం! ఇది నా గొంతే!"

"అయితే ఫోను చెయ్యండి."

"ఫోను ఇంట్లో మర్చిపోయానే!"

"మాస్టారు కూడా అదే అంటారు."

టైలరమ్మ చెమట తుడుచుకుంది. ఋజువులు చూపించడం మొదలుపెట్టింది. "నీకు మీగడంటే గిట్టదు! అవునా కాదా?"

"అది ప్లాన్లో రాశారు."

"ఉరిమితే చెవులు మూసుకుంటావు!"

"అదీ రాశారు."

"ఎడమ చెప్పు..."

"అన్నీ అమ్మే చెప్పింది. టీచరు రాసుకుంది. అందరికీ తెలుసు."

నోరుంది కదా అని ఆనాడు ఒక్కటీ మిగల్చకుండా ఒలకబోసిన మనిషికి ఇప్పుడు దాచుకున్న రహస్యం ఒక్కటైనా లేకపోయింది. చివరికి సంచిలోంచి తెర తీసి, తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది. "కుట్టు చూడవే! కుట్టు చూసైనా పోల్చుకో!"

అవతలనుంచి గుడ్డ మెల్లగా లోపలికి జరిగి మాయమైంది. నిదానం చూసింది, తడిమింది, టైము తీసుకుంది. "కుట్టు అమ్మదే. కానీ అమ్మ అందరికీ కుడుతుంది" అంది. తెర మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఈ రభసకి కింద ఇంటావిడ చీపురు పట్టుకుని పైకొచ్చింది. "ఎవరమ్మా నువ్వు? పిల్ల ఒక్కత్తే ఉందని చూసి వచ్చావా?"

"నేను దాని తల్లినండీ!"

"అలాగే అంటారని పిల్ల నాకు ముందే చెప్పింది."

దింపడానికి రానని మొండికేసిన ఫలం అప్పుడు తెలిసొచ్చింది టైలరమ్మకి. ఇంటావిడ ఆమెని ఏనాడూ చూడలేదు. కాళ్ళావేళ్ళా పడితే ఆవిడ కాస్త మెత్తబడి తన ఫోను చేతికిచ్చింది గానీ చీపురు మాత్రం దించలేదు. పిల్ల నంబరు టైలరమ్మకి నోటికి రాదు. అన్నీ ఫోన్లోనే ఉన్నాయి, ఫోను మిషను మీద ఉంది. నోటికొచ్చిన నంబరు ఒక్కటే, బోర్డు మీద రోజూ చూసే భర్త కొట్టు నంబరు. అవతల ఆయన అంతా విన్నాడు.  ఏదో ముక్కుతో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు మాత్రం వచ్చింది.

రెండు నిమిషాల్లో గదిలో ఫోను మోగింది. తలుపుకి చెవి ఆనించి టైలరమ్మ వింది. "ఆ నాన్నా... అమ్మేనా? నిజంగా అమ్మేనా? ... ముందు చెప్పకుండా వచ్చిందా? ... సరే నాన్నా."

హమ్మయ్య అనుకుని టైలరమ్మ జుట్టు సర్దుకుంది. ఇంటావిడ చీపురు దించి నాలుక కరుచుకుంది. ఇద్దరూ గడియ చప్పుడు కోసం చూశారు.

గడియ కదల్లేదు.

"అమ్మా" అంది నిదానం. ఇప్పుడు తలుపుకి బాగా దగ్గరగా ఉంది, ఊపిరి కూడా వినిపిస్తోంది. "సాయంత్రం క్లాసుకి టైమైంది. తయారవ్వాలి. ఆదివారం ఫోను చేసి రా. తలుపు తీస్తాను."

టైలరమ్మకి కోపం నషాళానికంటింది. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లిని! తలుపు బద్దలుకొడదామని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిల్ల పుట్టిననాటి నుంచి కడుపులో ఒక రాయిలా కూర్చున్న భయం ఉండాల్సిన చోట లేదు. ఎవరైనా వస్తే? తీసేస్తే? ఎవరో రావడం ఏమిటి, కన్నతల్లే వచ్చింది, ఏడ్చింది, మొత్తుకుంది. తియ్యలేదు. కోపం వస్తూనే ఉంది, ఏడుపూ వస్తోంది, ఆ రెండింటి మధ్యనుంచి ఏదో సంబరం కూడా పొడుచుకొస్తోంది. "సరేలే, జాగ్రత్త" అని మెట్లు దిగింది. ఇంటావిడ కింద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఆదివారం వీధి చివరనుంచే ఫోను చేసి, భార్యాభర్తలిద్దరూ మేడెక్కారు. నిదానం "ఎవరు?" అని అడిగి, "అమ్మా నాన్నా, ఫోను చేసి వచ్చాం" అన్న జవాబు విని, గడియ తీసింది. గది శుభ్రంగా ఉంది. కిటికీకి తెర ఉంది కానీ పూలన్నీ వీధివైపుకి తిరిగి, వెనకవైపు గదిలోకి ఉంది. టైలరమ్మ చేతులు దురదపెట్టాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఆ రోజు నేనేనని తెలిశాక కూడా ఎందుకు తియ్యలేదే?" అంది ఉండబట్టలేక.

నిదానం ఆలోచించింది. టైలరమ్మ ఆగింది. పూర్తిగా ఆగింది, భర్త కూడా వింతగా చూసేటంతసేపు ఆగింది.

"తీసుంటే, 'చూశావా తీసేశావు' అని ఇంటికి తీసుకుపోయేదానివి" అంది నిదానం.

 టైలరమ్మ తల దించుకుని, మళ్ళీ ఎత్తి, పిల్లని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ దారిలో భర్తతో "స్నానాలగదికి కొత్త గడియ ఒకటి తెండి, మీ చెల్లెలు మళ్ళీ వస్తానంటోంది" అంది.

గడువు అయ్యాక మళ్ళీ అదే గదిలో మీటింగు. గోడ మీద అవే మూడు గళ్ళు, బల్ల మీద అదే జగ్గు. లాండ్రీ పెద్దాయన ఈసారి కుర్చీ కాస్త పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. ప్లాన్ టీచరు కలం పట్టుకుని టైలరమ్మవైపు తిరిగింది. "షరతు మీది కాబట్టి ముందు మీరే చెప్పాలి. అమ్మాయిని ఇంటికి తీసుకెళ్తారా, గదిలో ఉండనిస్తారా?"

టైలరమ్మ జగ్గు దగ్గరికి లాక్కుంది. గ్లాసులో నీళ్ళు పోసుకుంది, గుక్కెడు నోట్లో పోసుకుని బుగ్గలు ఉబ్బించి, కూతురివైపు చూసి నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసింది.

నిదానం గోడ మీద గళ్ళు చూసింది. చెప్పు సరిచేసుకుంది. తల్లి ఉబ్బిన మొహం చూసి నవ్వింది, నవ్వు ఆగేదాకా ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఉంటాను" అంది. "అమ్మా, ఇంక మింగెయ్యి."